వృషభావతి అప్పజెప్పిన లెక్క

బెంగళూరులో మైసూరు రోడ్డు మీద కెంగేరి వైపు బస్సెక్కిన వారికి వృషభావతి ఎక్కడుందో ఎవరూ చూపించనక్కర్లేదు, ముక్కే చెబుతుంది. బసవనగుడి నంది పాదాల దగ్గర పుట్టిందని చెప్పుకునే ఈ నది, ఊరు దాటేలోగా నగరం పడమటి వైపు మురుగునీ పీణ్య పరిశ్రమల వ్యర్థాలనీ నెత్తినెత్తుకుని బైరమంగల చెరువు చేరుతుంది. అక్కణ్నుంచి అర్కావతి, ఆపైన కావేరి. 2020 ఏప్రిల్‌లో, కరోనా లాక్‌డౌన్ రోజుల్లో, ఆ నీళ్లు కాస్త తేరాయి. ప్రకృతి కోలుకుంటోందని అందరం మురిసిపోయాం.

ఆ మాట తొందరపడి అన్నది. ఇళ్ల మురుగు ఆ రోజుల్లో ఆగలేదు, జనమంతా ఇళ్లలోనే ఉన్నారు కదా! ఆగినవి ఫ్యాక్టరీలు. అంటే నీళ్లకు ఆ రంగు ఎక్కడి నుంచి వస్తోందో పైసా ఖర్చు లేకుండా తేల్చే పరీక్ష ఒకటి దానంతటదే జరిగిపోయింది. ఏ కాలువ తేరింది, ఏ ఫ్యాక్టరీ గేట్లు తెరిచాక మళ్లీ నల్లబడింది అన్న లెక్క రాసిపెట్టి ఉంటే, కాలుష్య నియంత్రణ మండలి దాన్ని జనం ముందు పెట్టాలి. రాసిపెట్టకపోతే ఆ సంగతైనా చెప్పాలి.

గాలి కథా అంతే. 2020లో ప్రపంచమంతా కలిపి వదిలిన కార్బన్ డయాక్సైడ్ సుమారు 5 శాతం తగ్గింది. గాల్లో దాని మోతాదు మాత్రం ఆ ఏడాదీ పెరిగింది. కొత్తగా చేసే అప్పు తగ్గిందే తప్ప పాత అప్పు తీరలేదు. 2021లో మళ్లీ దాదాపు మొదటికే వచ్చాం. పైగా ఆ కాస్త తేట గాలికి ధర కట్టింది ఎవరు? మనం బాల్కనీల్లో నిలబడి ఆకాశం చూసి సంబరపడుతుంటే, ఈ నగరాన్ని కట్టిన కూలీలు మూటాముల్లె నెత్తిన పెట్టుకుని సొంతూళ్లకు నడిచారు. వారిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు.

చెత్త సంగతి వేరే చెప్పాలా? వాడిన మాస్కును కాగితం సంచిలో 72 గంటలు ఉంచి, కత్తిరించి పారేయమన్నారు. ఎంతమందిమి చేశాం? పౌరకార్మికులే, అంటే ఊరు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులే, చేతులతో ఏరారు.

వీటన్నిటికన్నా మాకు మింగుడుపడనిది మరొకటి. ఒక ప్రాజెక్టు వల్ల పరిసరాలకు ఎంత చేటో ముందే లెక్కగట్టే పర్యావరణ ప్రభావ అంచనా నిబంధనలను మార్చే ముసాయిదాను కేంద్రం 2020 ఏప్రిల్ 11న గెజిట్‌లో పెట్టింది, జనం గడప దాటలేని రోజుల్లో! అనుమతి లేకుండా మొదలైన ప్రాజెక్టుకు తర్వాత అనుమతి ఇచ్చే దారి, ప్రజాభిప్రాయానికి గడువు 30 రోజుల నుంచి 20కి కుదింపు, అన్నీ అందులోనే. అదీ ఇంగ్లిష్, హిందీల్లో. 22 భాషల్లోకి తేవాలని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న చెప్పాల్సివచ్చింది. తుది నోటిఫికేషన్ రాకుండా కర్ణాటక హైకోర్టు తాత్కాలికంగా ఆపింది. నది తేరిందని మురిసిన వాళ్లలో ఈ కాగితం చదివింది ఎందరు?

మేం అడిగేది పెద్ద పథకమేమీ కాదు. వృషభావతిలోకి దిగే ప్రతి గొట్టం జాబితా, దాని యజమాని పేరు, నెలనెలా నీటి పరీక్ష ఫలితం బహిరంగంగా పెట్టండి. కన్నడంలో చాలు, తెలుగులో అడిగితే అత్యాశంటారేమో. బైరమంగల రైతులు ఆ నీళ్లతోనే పశుగ్రాసం, కూరగాయలు పండిస్తున్నారు. వాటిలో కొన్ని మళ్లీ మన సంతకే వస్తున్నాయి.