కందుకూరు ఏ జిల్లాలో మోగుతుంది?

మా బావమరిది కీబోర్డు కొన్న నాడే తన సంగీత మార్గాన్ని కూడా నిశ్చయించుకున్నాడు. కర్ణాటక సంగీతమైతే సరళీ వరుసల దగ్గరే ఏడాది గడిచిపోతుంది. సినిమా పాటైతే ఊరందరికీ వచ్చు కనుక తప్పు ఇట్టే దొరికిపోతుంది. తప్పు పట్టడానికి ఎవరికీ వీలులేని సంగీతం భూమ్మీద జాజ్ ఒక్కటేనని, అందులో ఎవరికి తోచింది వారు వాయించుకోవచ్చునని, నెల్లూరు మూలాపేటలోని మా మిద్దె మీద నిలబడి ప్రకటించాడు. ఈ వాదంలో నాకు ఏ లోపమూ కనబడలేదు. పైగా, సాధన లేకుండా విద్వాంసుడయ్యే దారిని అమెరికావారు కనిపెట్టి పెట్టగా మనం వాడుకోకపోవడం మర్యాద కాదని కూడా తోచింది.

విచారించగా తేలినదేమంటే, ఈ జాజ్ వారు లోకాన్ని దారుణంగా మోసం చేస్తున్నారు. స్వేచ్ఛ అని బోర్డు కట్టి లోపల చట్టం నడుపుతున్నారు. బ్లూస్‌కు నాలుగేసి దెబ్బల బార్లు 12 ఉంటాయి. మొదటి, నాలుగో, అయిదో స్వరాల మీద నిలిచే కార్డులు వాటిలో ఎక్కడెక్కడ రావాలో ముందే ఖాయమై ఉంటుంది. (కార్డు అంటే రేషన్‌ది కాదు; మూడు నాలుగు స్వరాలను కలిపి ఒక్కసారిగా మోగించడం.) ఇంకా ఎన్నో పాటలకు 32 బార్లు. సోలో వాయించేవాడు ఏ ఆకాశంలో విహరించినా, 33వ బారుకు మొదటి గడప మీదే కాలు పెట్టాలి. అష్టావధానంలో అవధాని నోటికొచ్చింది చెబుతున్నాడని అనుకోవడం ఎంత అమాయకత్వమో ఇదీ అంతే. తాళం ఛందస్సు, కార్డులు ఇచ్చే స్వరాలు దత్తపది, చివరికి నిషిద్ధాక్షరి కూడా ఉంది. శంకరాభరణం స్వరాల్లో, స మీద మేజర్ కార్డు (స, గ, ప) మోగుతుండగా మ పట్టుకుని కూర్చుంటే, కార్డులోని గ కు అది అరమెట్టు దూరంలో (నల్ల మీటలూ కలిపి లెక్కిస్తే సరిగ్గా పక్క మీట) ఉండి గీరుకుంటుంది. దాటుతూ తాకవచ్చు గానీ కాపురం పెట్టరాదు. అప్రస్తుత ప్రసంగం మాత్రం డ్రమ్ముల వాడు చూసుకుంటాడు.

స్వరాలను ఇలా కార్డులుగా కలిపి నడిపే ఈ హార్మనీ అనే వ్యవహారం మనవారికి బోధపడాలంటే కందుకూరును చూడాలి. 1970 దాకా అది నెల్లూరు జిల్లా. ఆ ఏడు ఒంగోలు జిల్లా ఏర్పడగానే అటు పోయింది. రెండేళ్లకు ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో కందుకూరును మళ్ళీ నెల్లూరులో కలిపారు. ఇంత జరిగినా ఊరు అంగుళం కదలలేదు. అర్జీ పట్టుకుని బస్సెక్కే దిక్కు మాత్రం మారుతూ వచ్చింది. స అనే స్వరం సరిగ్గా ఇలాంటిదే. తన మీదే కార్డు మోగితే అది ఇంటి యజమాని. కింద మ కార్డు పడితే అయిదో స్వరమై పెద్దమనిషిలా సర్దుకుంటుంది. రి మీద మైనర్ సెవెంత్ అనే కార్డు (రి, మ, ద, స) పడితే ఏడో స్వరమై, పక్కనున్న ని లోకి ఎప్పుడు దిగుదామా అని ఆదుర్దా పడుతుంది. మీట అదే, మోత అదే, హోదా వేరు. జాజ్ వాయించేవాడి పనల్లా ఈ జిల్లాల మార్పును ఉత్తర్వు వెలువడకముందే పసిగట్టడం.

రి, ప, స అనే మూడు కార్డుల నడక వారికి అన్నప్రాశన నాటి ముద్ద. ప మీది సెవెంత్ కార్డులో (ప, ని, రి, మ) ని, మ అని ఇద్దరుంటారు. ని అరమెట్టు ఎక్కి స లోకి, మ అరమెట్టు దిగి గ లోకి చేరేదాకా వినేవాడికి నెమ్మది ఉండదు. చోద్యమేమంటే, ప కు ఆరు అరమెట్ల దూరంలో ఉన్న శుద్ధ రిషభం (స కు, పై రి కి నడుమనున్న నల్ల మీట) మీద సెవెంత్ కార్డు వేసినా లోపల దొరికేది ఆ ఇద్దరే. రిజిస్ట్రారు ఆఫీసు ముందు చెట్టు కింద ఇద్దరు సాక్షులు కూర్చుని ఉంటారు కదా, అమ్మేదెవరైనా కొనేదెవరైనా సంతకాలు వారివే. అందువల్ల ఒక కార్డుకు బదులు మరొకటి పెట్టినా దస్తావేజు చెల్లుతుంది.

1959లో ఈ చట్టాల బరువు తగ్గించాలని ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఒక ప్రయత్నం చేశాడు. 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బంలోని 'సో వాట్' 32 బార్లలో 24 ఒకే మోడ్‌లో, అంటే ఒకే స్వరాల వరుసలో, నడుస్తుంది. మధ్యలో ఎనిమిదింటికి అదే మోడ్ అరమెట్టు పైకి జరుగుతుంది. వారు దాన్ని డోరియన్ అంటారు. స్వరాలు లెక్కపెడితే అది ఖరహరప్రియ. ఖరహరప్రియకు అంత ప్రఖ్యాతి తెచ్చిన త్యాగయ్య పూర్వీకులు మన కంభం వైపు కాకర్ల వారు. కనుక న్యూయార్కులో రికార్డయిన ఆ ఆల్బం మీద రాయల్టీ కోరుతూ ఎవరైనా మహజరు తయారు చేస్తే నేను మొదటి సంతకం పెడతాను. సొమ్మును ఏ జిల్లా ఖాతాకు జమ చేయాలన్నది పెద్దలు తేల్చాలి. అదే ఏడు శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ 'జెయింట్ స్టెప్స్' రికార్డు చేస్తూ, నాలుగేసి అరమెట్ల ఎడంలో ఉన్న మూడు శ్రుతుల నడుమ 16 బార్లలో పరుగులు పెట్టించాడు. పియానో మీద ఉన్న టామీ ఫ్లానగన్ అంతటి దిట్ట కూడా సోలోలో ఆగి ఆగి వాయించవలసి వచ్చింది. ఈ సంగతి విని మా బావమరిది ఎంతో ఊరట పొందాడు.

అతడి తొలి కచేరీ కావలిలో, మా చిన్నాన్న కూతురి రిసెప్షన్‌లో జరిగింది. గాయని పల్లవి అందుకోగానే, హాలులో తలలన్నీ అటు తిరిగేటటువంటి కార్డు ఒకటి నొక్కి, ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకున్నాడు. పొద్దుటి మేళం తాలూకు పెద్దాయన సన్నాయి ఒళ్ళో పెట్టుకుని డబ్బు కోసం ఆ పక్కనే కూర్చుని ఉన్నాడు. “ఆపబాకయ్యా. అదే మళ్ళీ నొక్కు. రెండు తూర్లు నొక్కితే సంగతవుద్ది” అన్నాడు. తాను తప్పు కార్డు వేస్తే మైల్స్ డేవిస్ దానికి తగ్గ స్వరాలు ఎంచి వాయించి ఒప్పు చేశాడని, ఆయన బృందంలో పియానో వాయించిన హెర్బీ హాన్‌కాక్ చెప్పిన ముచ్చట ఈ పెద్దాయన చెవిన పడి ఉండదు.

మా బావమరిది ముఖం వెలిగింది. చేతులు మళ్ళీ మీటల మీద పెట్టాడు, పెట్టి ఆగిపోయాడు. ఇందాక నాలుగు వేళ్ళూ ఏ నాలుగు మీటల మీద పడ్డాయో అతడికి తెలియదు. పాట అయిపోయింది, మొదటి బంతి లేచింది, పెద్దాయన డబ్బు లెక్కపెట్టుకుని వెళ్ళిపోయాడు. అతడు మాత్రం ఒక్కో మీటా నొక్కి చూస్తూ ఆ తప్పు కోసం వెతుకుతూనే ఉన్నాడు.