చార్జింగ్ పెట్టుకోవలసిన సీడీ

ఫోను, పవర్ బ్యాంకు, దోమల బ్యాటు. రాత్రి పడుకోబోయే ముందు గుర్తుపెట్టుకుని చార్జింగ్ పెట్టవలసినవి మన ఇళ్లలో ఇప్పటిదాకా ఇవే. 2020 నవంబరు 13 నుంచి ఈ జాబితాలో మరొకటి చేరింది. ఏ విద్యుత్ శాఖా దీన్ని పట్టించుకోలేదు కాబట్టి ప్రజాహితం కోరి నేనే ప్రకటిస్తున్నాను: సీడీ డబ్బా.

అక్షరాలా నిజం. ఆ రోజు ఆస్ట్రేలియా రాక్ బ్యాండు ఏసీ/డీసీ వారి ‘పవర్ అప్’ ఆల్బమ్ వచ్చింది. మామూలు సీడీ మామూలుగానే వచ్చింది, దాంతో నాకు పేచీ లేదు. నా గొడవంతా ప్రత్యేక ఎడిషన్‌తోనే. ఆ డబ్బాకి పక్కన ఒక మీట ఉంటుంది. నొక్కితే బ్యాండు పేరు బార్ బోర్డులాగా మిణుకుమిణుకుమంటుంది. లోపలున్న బుల్లి స్పీకరులోంచి ‘షాట్ ఇన్ ద డార్క్’ పాట మొదలు వినిపిస్తుంది. మొదలు మాత్రమే. పక్కన యూఎస్‌బీ పోర్టు, లోపల దాని కేబులు. ఇన్ని హంగులున్న డబ్బా చేయలేని పని ఒకటే, అందులో ఉన్న సీడీని వినిపించడం. దానికి ప్లేయరు వేరే కావాలి. అది మీ ఇంట్లో ఎప్పుడో పాత సామాన్ల బండి ఎక్కిపోయింది.

ఇది కొన్న ఒక పెద్దమనిషిని ఊహించుకుందాం. యాభై అయిదు దాటాయి, మోకాళ్లు అరిగాయి, కాలేజీ రోజుల నల్ల టీషర్టు బీరువా అడుగున ఇంకా ఉంది. పార్సిలు విప్పి, డబ్బాని టీవీ పక్కన చార్జింగ్ పెట్టాడు. దానికోసం దోమల బ్యాటు తీసేశాడు. భార్య చూసింది.

“ఏంటండీ అది?”

“ఆల్బమ్.”

“ఎవరి పెళ్లిది?”

“పాటల ఆల్బమే.”

“అయితే పాటలొస్తాయా?”

“ఒక పాట వస్తుంది. కొంచెం.”

“మిగతాది?”

“దానికి సీడీ ప్లేయరు కొనాలి.”

“మరి ఇదెందుకు?”

ఆయన చాలాసేపు ఆలోచించి, “వెలుగుతుంది,” అన్నాడు.

సాయంత్రం కరెంటు పోయింది. ఇన్వర్టరు మొరాయించింది. చీకట్లో తడుముకుంటూ వెళ్లి ఆయన మీట నొక్కాడు. హాలంతా ఎర్రగా వెలిగింది, గిటార్ మోగింది, ఆవిడకి అగ్గిపెట్టె దొరికింది. పైవాటా బావగారు మెట్లు దిగి వచ్చి, “ఏ షాపులో దొరికింది బావా ఈ ఎమర్జెన్సీ లైటు?” అని అడిగారు. యాభై ఏళ్ల రాక్ సంగీతానికి మా పేటలో దక్కిన తొలి గౌరవం అదీ.

ఆల్బమ్ ఎలా ఉందంటారా? బాగుంది. పన్నెండు పాటలు, నలభై ఒక్క నిమిషాలు. 1973లో సిడ్నీలో మొదలుపెట్టిన చోటు నుంచి అంగుళం కదల్లేదు. ‘ఇన్నేళ్లూ ఒకే పాట కదా’ అని మూతి విరిచే విమర్శకులు ప్రతి ఆల్బమ్‌కీ తయారవుతారు. మా వీధి చివర ఇడ్లీ బండాయన ముప్పై ఏళ్లుగా అదే ఇడ్లీ పెడుతున్నాడు. ఈసారి మీ ఇడ్లీలో పరిణతి కనిపించలేదండీ అని ఎవరూ అనగా వినలేదు. బడి ఎప్పుడో మానేసిన లీడ్ గిటారిస్టు ఆంగస్ యంగ్ అరవై అయిదేళ్ల వయసులోనూ స్టేజి మీద స్కూలు నిక్కరు వదల్లేదు. చెవులు పాడై 2016లో టూర్ మధ్యలో ఆగిపోయిన గాయకుడు బ్రయన్ జాన్సన్ తిరిగొచ్చాడు. రిటైరయ్యానన్న బాసిస్టు తిరిగొచ్చాడు. న్యూజిలాండ్‌లో గృహనిర్బంధ శిక్ష ముగించుకుని డ్రమ్మరూ వచ్చాడు. పెళ్లిలో అలిగి వెళ్లిపోయిన బంధువులంతా భోజనాల వేళకి చేరినట్టు చేరారు. సంతోషం.

అయితే ఒక సంగతి గుర్తుచేయాలి. ఆల్బమ్ అంటే మొత్తంగా వినాల్సిందేగానీ ముక్కలుగా అమ్మేది కాదంటూ, పాటల్ని విడివిడిగా ఆన్‌లైన్‌లో అమ్మే ఐట్యూన్స్‌కి 2012 నవంబరు దాకా తమ పాటలివ్వని బ్యాండు ఇది. ఎంత నియమం! ఎంత నిష్ఠ! 2008లో ‘బ్లాక్ ఐస్’ని అమెరికాలో వాల్‌మార్ట్ వారి షాపులకే రాసిచ్చినప్పుడు కూడా ఆ నిష్ఠ చెక్కు చెదరలేదు, బియ్యం బస్తాల పక్కన పేర్చారంతే. ముక్కలుగా అమ్మబోమన్న ఆ పెద్దలే, మీట నొక్కితే ఒక్క ముక్క మాత్రమే పలికే డబ్బాని అమ్మారు.

ఇక్కడిదాకా నవ్వొచ్చింది. ఇకమీద రావడం లేదు.

ఎందుకంటే ఈ ఆల్బమ్ మాల్కమ్ యంగ్‌ది. ఆంగస్‌కి అన్న. బ్యాండు కట్టిన మనిషి. జనమంతా నిక్కరు తమ్ముణ్ణి చూస్తుంటే తను వెనక ఆంప్లిఫయర్ల పక్కన నిలబడి రిథమ్ గిటార్ వాయించి, మైకు దగ్గరికి వచ్చి గొంతు కలిపి మళ్లీ వెనక్కి వెళ్లిపోయేవాడు. ‘బ్లాక్ ఐస్’ టూర్ నాటికే మతిమరుపు జబ్బు మొదలైంది. తను కట్టిన రిఫ్‌లనే, అంటే గిటార్ మీద మళ్లీ మళ్లీ వచ్చే బాణీ ముక్కలనే, తను మళ్లీ నేర్చుకుని స్టేజి ఎక్కాడు. 2014లో తప్పుకున్నాడు, 2017 నవంబరు 18న పోయాడు. అరవై నాలుగేళ్లు. అన్నదమ్ములిద్దరూ కలిసి దాచిపెట్టుకున్న బాణీల్లోంచే ‘పవర్ అప్’ పాటలు పుట్టాయి. పన్నెండింటికీ ఇద్దరి పేర్లే ఉన్నాయి. తమ్ముడు అన్నకి పెట్టిన తద్దినం ఇది.

తద్దినానికి సీరియల్ బల్బులు కడతారా ఎవరైనా?

మాల్కమ్ గిటార్ ఫోటో చూడండి. పాత గ్రెచ్ కంపెనీది. రంగు గీకేసి ఉత్త చెక్క మిగిల్చాడు. తీగల మోతని పట్టుకునే పికప్‌లలో అక్కర్లేనివి పీకేసి ఒక్కటే ఉంచుకున్నాడు. పీకిన చోట గుంత పడితే పడనీ అని వదిలేశాడు. పాటలోనూ అంతే, అక్కర్లేని స్వరం ఒక్కటి ఉండనిచ్చేవాడు కాదు. జీవితమంతా తీసేయడమే పనిగా పెట్టుకున్న మనిషి చివరి పాటలకి బల్బు, బ్యాటరీ, స్పీకరు, మీట తగిలించినవాడెవడో ఆ గుంతని ఒక్కసారైనా చూశాడా? ఆ మీటింగు గదిలో ‘సార్, ఇది వద్దేమో’ అనడానికి ఒక్కడికీ నోరు రాలేదా? సిగ్గు కూడా యూఎస్‌బీలో ఎక్కించుకోవాలా వీళ్లకి?

నేను డబ్బా కొనలేదు. ఫోనులోనే విన్నాను. నాలుగో పాట ‘త్రూ ద మిస్ట్స్ ఆఫ్ టైమ్’ దగ్గర ఆగి మూడుసార్లు విన్నాను. లీడ్ గిటార్ వినడం మానేసి, కింద నడిచే ఆ రెండో గిటార్‌నే వింటూ కూర్చున్నాను. ఇప్పుడది వాయించేది వాళ్ల అన్నగారి కొడుకు స్టీవీ యంగ్. కళ్లు మూసుకుంటే పోయిన బాబాయే.

పదో పాట పేరు ‘సిస్టమ్స్ డౌన్’. అది మొదలయ్యేసరికి నా ఫోనులో చార్జింగ్ అయిపోయింది. లేచి దోమల బ్యాటు తీసి ఫోను పెట్టాను.