సవరణ: అనంతగిరి బైక్ రూట్, ఓఆర్ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) గురించి

హైదరాబాద్ నుంచి వికారాబాద్ దగ్గరున్న అనంతగిరి కొండలకి డే ట్రిప్ పోస్ట్‌లో "గచ్చిబౌలి నుంచి ఓఆర్ఆర్ పట్టుకుని అప్పా జంక్షన్‌లో దిగండి" అని ఉంది కదా, అది కార్లకే ఫ్రెండ్స్. ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు మీదకి టూవీలర్లకి పర్మిషన్ లేదు, బుల్లెట్ అయినా స్కూటీ అయినా ఒకటే. పక్కన సర్వీస్ రోడ్డుంది, దాంట్లోనే నార్సింగి మీదుగా అప్పా జంక్షన్‌కి వచ్చేయొచ్చు, కాస్త టైం పడుతుంది అంతే. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్ళే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద కూడా బైకులకి ఎంట్రీ లేదు, కింద రోడ్డే.

అప్పా జంక్షన్ నుంచి రూట్ పోస్ట్‌లో ఉన్నదే, మొయినాబాద్, చేవెళ్ళ, మన్నెగూడ దగ్గర వికారాబాద్ వైపు తిరగడం. చేవెళ్ళ రోడ్డు పక్క పెద్ద పెద్ద మర్రిచెట్లు కనిపిస్తాయి, వాటి కోసమైనా ఈ రూట్‌లోనే వెళ్ళాలంటాను, కానీ రోడ్డు వెడల్పు పనుల వల్ల చీకట్లో మాత్రం వద్దు, వెలుగుండగానే తిరిగి బయల్దేరండి.

ఇంకోటి, మూసీ పుట్టేది అనంతగిరి కొండల్లోనే గానీ అక్కడ నది ఏమీ కనపడదు. నీళ్ళు చూడాలనుకుంటే కోటిపల్లి రిజర్వాయర్‌కి వెళ్ళండి. వెనక కూర్చునేవాళ్ళకి కూడా హెల్మెట్ పెట్టండి ప్లీజ్.