శిలాఫలకం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ శిలాఫలకం గారికి,

హనుమకొండ దగ్గర మా సర్కారు బడి వరండా నుంచి నమస్కారాలు. మీరు క్షేమమని చూస్తేనే తెలుస్తోంది. నల్ల గ్రానైటు మీద బంగారు రంగు అక్షరాలు, ఒక్కటీ చెదరలేదు. మీ కింద ఉన్న మంచినీళ్ల ప్లాంటు సంగతే బాగాలేదు. నీళ్లను వడకట్టే మెంబ్రేన్ పోయింది. నల్లా తిప్పితే గాలి వస్తోంది. పిల్లలు ఇంటి నుంచి బాటిళ్లు మోసుకొస్తున్నారు.

మీ మీద ఎవరెవరున్నారో తీరిగ్గా చదివాను. డబ్బులిచ్చిన కంపెనీ, పని చేయించిన ట్రస్టు, రిబ్బన్ కట్ చేసిన నాయకుడు, ఆపైన గౌరవ అతిథులు ఆరుగురు. గుళ్లో ట్యూబ్‌లైట్ మీద దాత పేరు రాస్తే సగం వెలుతురు ఆ పేరే మింగేస్తుందని నవ్వుకుంటాం గానీ, అది మిగతా సగమైనా వెలుగుతుంది.

హెడ్‌మాస్టర్ సార్‌ను అడిగితే ఫిల్టర్లు మార్చేది ట్రస్టు వాళ్లే అన్నారు. ట్రస్టుకు ఫోన్ చేస్తే, "మా ప్రాజెక్టు క్లోజ్ అయిందండీ, హ్యాండోవర్ చేసేశాం" అన్నారు. మండల ఆఫీసులో, "దాతలిచ్చింది కదా, మా రిజిస్టర్‌లో ఎక్కలేదు" అన్నారు. మీ మీద అంతమంది ఉన్నారు, ప్లాంటు మాత్రం ఎవరిదీ కాదట!

తప్పు మీది కాదు లెండి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం ఇలాంటి పనులకు పెట్టాలి. ఏళ్ల తరబడి సాగే ప్రాజెక్టయినా, మొదలైన ఏడాదిని వదిలేస్తే మూడేళ్లకు మించకూడదు. బడి మాత్రం మూడేళ్లకు మూతపడదు కదా. పైగా, తాము పనిచేసే చోటి చుట్టుపక్కలకే ముందు ఇవ్వమంటుంది చట్టం. ఆజం జాహి బట్టల మిల్లే మూతపడ్డ మా ఓరుగల్లును వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఎందరు? వచ్చినవాళ్లయినా ఫొటోకు పనికొచ్చేదే ఇస్తారు. మెంబ్రేన్ మారిస్తే రిబ్బన్ ఎక్కడ కట్టాలి పాపం!

అన్నీ ఇలాగే ఉంటాయని కాదు. 108 అంబులెన్సు 2005లో సత్యం రామలింగరాజు కుటుంబం పెట్టిన సంస్థతో మొదలైంది. 2009 జనవరిలో ఆయన సత్యం కంప్యూటర్స్ కంపెనీ కుప్పకూలింది. బండ్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. డీజిలుకు, జీతాలకు అయ్యే ఖర్చులో సింహభాగం అప్పటికే ప్రభుత్వం కడుతోంది. తర్వాత జీవీకే గ్రూపు వచ్చి పగ్గాలు పట్టుకుంది. అంబులెన్సుకు మీలాంటి బండను బిగించే చోటు లేకపోవడం కూడా కలిసొచ్చిందేమో.

వచ్చే నెల టాయిలెట్ల కోసం మీ తమ్ముడు వస్తున్నాడట. ఆయనకు ఓ మాట చెప్పండి. గౌరవ అతిథుల్లో ఇద్దరిని తగ్గించి, ఒక్క లైను మాకు ఖాళీగా ఉంచమనండి. ఫినాయిలు, మోటారు రిపేరు, స్వీపరమ్మ జీతం ఎవరు కడతారో, ఎన్నాళ్లు కడతారో అక్కడ చెక్కించుకుంటాం. బంగారు రంగు అక్కర్లేదు.

ఇట్లు,
బాటిల్ మోసే పిల్లాడి తండ్రి