సవరణ: లెగో థెరపీలో పెట్టె ఒక్కటే

ఆటిజం ఉన్న పిల్లల సామూహిక ఆటల గురించి ఇదివరకు రాసినప్పుడు, లెగో (ఒకదానికొకటి అమరే ప్లాస్టిక్ ముక్కల బొమ్మలు) థెరపీ అంటే ప్రతి బిడ్డకూ విడిగా ఒక ముక్కల పెట్టె ఇచ్చి బొమ్మ కట్టించడమనీ, దాన్ని ఆ బొమ్మల కంపెనీయే రూపొందించిందనీ పేర్కొన్నాను, రెండూ పొరపాట్లే. ఈ పద్ధతికి ఆద్యుడు అమెరికా మనస్తత్వవేత్త డేనియల్ లెగాఫ్ (పేర్ల పోలిక కాకతాళీయమే). దానిపై ఆయన అధ్యయనం 2004లో వెలువడింది. ఇందులో సాధారణంగా ముగ్గురు పిల్లలు కలిసి ఒకే నమూనా కడతారు: పటం చూసి ఏ ముక్క ఎక్కడ అమర్చాలో 'ఇంజినీరు' చెబితే, 'సప్లయర్' దాన్ని వెతికి అందిస్తే, 'బిల్డర్' అమరుస్తాడు, తర్వాత పాత్రలు మారతాయి. ఎవరి పెట్టె వారికిస్తే మరొకరిని అడగవలసిన అవసరమూ, వంతు కోసం ఆగవలసిన పనీ ఉండవు కనుక, నా తొలి వివరణ ఆ ఆట అసలు ప్రయోజనాన్నే తీసివేసింది.