బిడ్డకు తూకం, తల్లికి తిట్లు

మళ్లీ ఒక వీడియో. ఇరుకు గది, ఏడుపు ఆపని రెండేళ్ల పాప, చెయ్యెత్తిన తల్లి. పక్క పోర్షన్ కిటికీలోంచి తీశారు. సాయంత్రానికల్లా హైదరాబాద్ అంతా చూసి ‘కసాయి తల్లి’ అని పేరు పెట్టేసింది. ఆ పేరు పత్రికలు నేర్పిందే, ఒప్పుకుంటున్నాం. కేసు పెట్టాలన్నారు, బిడ్డను శిశువిహార్‌కు పంపాలన్నారు.

బిడ్డను కొట్టడం తప్పే. చట్టం తన పని చేయాలి. కానీ ఇలాంటి తల్లులు ఎక్కడి నుంచో ఊడిపడరు. కడుపుతో ఉన్ననాటి నుంచీ సర్కారు రిజిస్టర్లలో ఉన్నవాళ్లే.

అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975లో మొదలైంది. ఇన్నేళ్లకూ అంగన్‌వాడీలో ఏం జరుగుతోంది? బిడ్డను తూకం వేస్తారు, ఎత్తు కొలుస్తారు, కార్డులో చుక్క పెడతారు, పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు ఎక్కిస్తారు, బాలామృతం ప్యాకెట్ చేతిలో పెడతారు. అన్నీ కావాల్సినవే. ‘రాత్రి నిద్ర పడుతోందా అమ్మా? పాప ఏడిస్తే నీకేమనిపిస్తుంది?’ అని అడిగే తీరికే ఎవరికీ లేదు.

ఆకలైనా, భయమేసినా, నిద్రొచ్చినా పసిదానికి తెలిసింది ఏడుపొక్కటే. ‘ఎందుకు ఏడుస్తోందో’ అనుకున్న తల్లి ఎత్తుకుంటుంది. ‘నన్ను సతాయించడానికే’ అనిపించిన తల్లి చెయ్యెత్తుతుంది. పాలమూరు నుంచి కోకాపేట సైటుకు కూలికొచ్చి, తాగొచ్చే భర్తతో ఒక్క గదిలో ఉంటూ, చిన్నప్పుడు తనూ దెబ్బలు తిని పెరిగిన ఇరవై ఏళ్ల పిల్లకు ఆ మొదటి ఆలోచన తట్టాలంటే, ముందు తన గోడు వినే మనిషి ఒకరుండాలి. పిల్లలు ముఖ్యమనుకునే సమాజం వాళ్ల తల్లిదండ్రులను కాపాడుకోవాలని బ్రిటన్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిచ్చాడు. మనమింకా తూకం దగ్గరే ఉన్నాం.

‘మా అమ్మమ్మలకు ఎవరు నేర్పారండీ?’ అనేవాళ్లున్నారు. ఎవరూ నేర్పలేదు, ఇంట్లో ఇంకో అమ్మమ్మ ఉండేది. ఇప్పుడామె ఊళ్లోనే ఉండిపోయింది.

మూడేళ్లలోపు పిల్లల కోసం కేంద్రం 2024లో ‘నవచేతన’ అనే మార్గదర్శిని తెచ్చింది. అందులో 140 ఆటపాటలున్నాయి. ఆడించే ఓపికే లేని తల్లి సంగతేంటి? బస్తీలకు వెళ్లి వారానికో గంట ఆమె పక్కన కూర్చుని, బిడ్డను తనతో కలిసి గమనించే శిక్షణ పొందిన మనుషులు కావాలి. తండ్రినీ కూర్చోబెట్టాలి. ఆ శిక్షణ పొందినవాళ్ల జీతాలకు బడ్జెట్‌లో పద్దు కావాలి. ఇదీ అంగన్‌వాడీ టీచర్ నెత్తినే వేస్తే ఇంకో రిజిస్టర్ పెరుగుతుంది, అంతే. సాయానికి డబ్బుల్లేవనే సర్కారుకు రేపు ఆ తల్లిని స్టేషన్‌కు, కోర్టుకు తిప్పడానికి మాత్రం ఎక్కడి నుంచి వస్తాయి?

ఇక ఆ వీడియో తీసినవారికి. ఫోన్ కిందపెట్టి తలుపు తట్టి, ‘పాపను కాసేపు నాకియ్యి, నువ్వు మొహం కడుక్కుని రా’ అనడానికి మీకేం అడ్డొచ్చింది?