365 వత్తులు, 75డబ్ల్యూ-90

నా దగ్గర 2006 నాటి స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ కారు ఒకటుంది. సెకండ్ హ్యాండ్. 1.8 లీటర్ల టర్బో ఇంజను, 150 గుర్రాల బలం. కొన్నరోజు ఈ మాట గొప్పగా చెప్తే మా ఆవిడ, "అన్ని గుర్రాలకీ మేత ఎవరు వేస్తారండీ?" అంది. ఆవిడ ఉద్దేశం పెట్రోలు. అసలు మేత ఆయిల్ అని అప్పటికి నాకూ తెలీదు.

టర్బో అంటే ఇంజనులోకి గాలిని గట్టిగా నెట్టే యంత్రం. అందులో ఉండే బుల్లి చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైనే తిరుగుతుంది. దాని ఇరుసు పలచటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరగాలి. ఆ పొర చెదిరితే టర్బో పోతుంది, దాంతోపాటు నా రెండు నెలల జీతమూ పోతుంది. ఇది తెలిసిన రాత్రి నుంచి టెన్షన్. మూడు వారాలు కూర్చుని ఆయిల్ గురించి చదివాను. పిల్లాడి స్కూలు గురించి మూడు రోజులైనా ఆలోచించలేదని ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు.

ఇంజను ఆయిల్ డబ్బా మీద ఉండే 5డబ్ల్యూ-40లో డబ్ల్యూ అంటే వింటర్. ముందున్న అంకె ఎంత చిన్నదైతే ఆయిల్ అంత చలికి ఓర్చుకుంటుంది. 5డబ్ల్యూని మైనస్ 30 డిగ్రీల దగ్గర, 0డబ్ల్యూని మైనస్ 35 దగ్గర పరీక్షిస్తారు. మా నల్లకుంటలో 12 డిగ్రీలకే మంకీ క్యాపులు బయటికొస్తాయి. కారుని తోలుకెళ్ళి ఇందిరా పార్కు దగ్గరున్న స్నో వరల్డ్ లోపల పార్క్ చేసినా మైనస్ 35 రాదు. అయినా 0డబ్ల్యూ మీద ఆశ చంపుకోవడానికి నాకు వారం పట్టింది. తర్వాత 10డబ్ల్యూ-60 మీద మోజు పడ్డాను. వెనకున్న అంకె ఇంజను వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. కొన్ని బీఎండబ్ల్యూ ఎం కార్లకు 10డబ్ల్యూ-60 పోస్తారు. వాళ్ళు పోస్తే మనమెందుకు పొయ్యకూడదు?

చివరికి ఒకరోజు గ్లవ్ బాక్సులో టోల్ రసీదుల కింద నలిగిపోయిన మాన్యువల్ దొరికింది. వీడబ్ల్యూ 502 00 ప్రమాణం (వీడబ్ల్యూ అంటే స్కోడా మాతృసంస్థ ఫోక్స్‌వ్యాగన్) ఉన్న ఆయిల్ పొయ్యమని అందులో ఉంది. అంతే. ఒక్క లైను.

డబ్బా మీద 'ఫుల్లీ సింథటిక్' అని ఉంటే చాలనుకునేరు. ముడి చమురునే గట్టిగా శుద్ధి చేసి సింథటిక్ అని అమ్మొచ్చా అని అమెరికాలో రెండు ఆయిల్ కంపెనీలు తగువుపడితే, 1999లో అమ్మొచ్చనే తీర్పొచ్చింది. అప్పట్నుంచి ఆ మాటకీ, మిఠాయి కొట్టు మీద 'స్వచ్ఛమైన నెయ్యి' అనే బోర్డుకీ నేను ఒకే విలువ ఇస్తున్నాను.

ఇంజనుది తేలిందనుకుంటే గేర్‌బాక్స్ వచ్చిపడింది. దాని ఆయిల్ 75డబ్ల్యూ-90. తొంభై అంటే నలభైకి రెండింతల చిక్కదనం అనుకున్నాను. కాదట. గేర్ ఆయిల్ కొలత వేరు, ఇంజను ఆయిల్ కొలత వేరు. గేర్ ఆయిల్లో 90, ఇంజను ఆయిల్లో 40కి దగ్గర దగ్గరగా ఉంటుంది. ఒకటి గజాల లెక్క, ఇంకొకటి చదరపు అడుగుల లెక్క. హైదరాబాద్‌లో స్థలం కొన్నవాడికి ఇంతకన్నా విడమర్చి చెప్పక్కర్లేదు.

అందులో మళ్ళీ జీఎల్-4, జీఎల్-5 అని రెండు రకాలు. జీఎల్-5లో గంధకం, ఫాస్ఫరస్ మందులు ఎక్కువ. గేరు మారేటప్పుడు పళ్ళని కలిపే సింక్రో రింగులు చాలా గేర్‌బాక్సుల్లో ఇత్తడివి. ఆ మందులు ఇత్తడిని తినే ప్రమాదం ఉంది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు పెట్టకూడదని మా అత్తగారు చెప్పేది కూడా ఇదే. మందులు తక్కువున్నా జీఎల్-4కీ గంధకం వాసన తప్పదు. మూత తీస్తే కుళ్ళిన కోడిగుడ్డే. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనుంది.

పుత్లీబౌలి వెళ్ళి నాలుగు దుకాణాలు తిరిగి ఇంజను ఆయిల్, రెండు లీటర్ల జీఎల్-4 తెచ్చాను. గేర్ ఆయిల్ ఒక్కో లీటరు 1,900. ఇంటికొచ్చి చూస్తే ఒక డబ్బా మూత పగిలి సంచిలో కారుతోంది. లీటరుకు 1,900 పోసినవాడికి ప్రతి చుక్కా తీర్థమే. మా అత్తగారు గానుగ నువ్వుల నూనె తెప్పించుకునే సీసాల్లో ఒక ఖాళీది కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, నూనె అందులోకి ఒంపి వంటింటి గట్టు మీద పెట్టాను. సీసాకి లేబుల్ లేదు. లోపల తేనె రంగు ఆయిల్ మెరుస్తోంది. ఎంత బావుందో అని నాలుగు వైపుల నుంచీ చూసుకుని పడుకున్నాను.

మర్నాడు కార్తీక పౌర్ణమి.

సాయంత్రం సీసా, డబ్బాలు పట్టుకుని మలక్‌పేటలో మా మెకానిక్ దగ్గరికెళ్ళాను. నా మూడు వారాల చదువంతా ఓపిగ్గా విని, "అన్నా, నువ్వు ఏది పోసినా వెయ్యి కిలోమీటర్లకు నల్లగైతది" అన్నాడు. గేర్‌బాక్స్ పాత ఆయిలంతా దించేశాడు. సీసా మూత తీసి గరాటాలో ఒంపబోయి ఆగాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పక్కనున్న కుర్రాడి ముక్కు దగ్గర పెట్టాడు. ఇద్దరూ నా వైపు చూశారు.

"అన్నా, గిది ఆవకాయ వాసనొస్తుందేంది?"

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. మా ఆవిడ. ఏమండీ లేదు, హలో లేదు. "గట్టు మీద సీసాలో ఏం పెట్టారు?"

జరిగింది ఇది. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానాలు చేసీ చేసీ మా అత్తగారికి జలుబు పట్టింది. ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. పొద్దున్నే 365 వత్తుల కట్టని గట్టు మీదున్న సీసాలోని 'నువ్వుల నూనె'లో నానేశారు. నూనె చిక్కగా ఉంటే, గానుగది కదా, అలాగే ఉంటుందనుకున్నారు. అల్లుడు వంటగది గట్టు మీద గేర్ ఆయిల్ పెడతాడని ఏ అత్తగారు అనుకుంటుంది? నేనేమో సాయంత్రం గట్టు మీద సీసా కనపడక, అరలో ఉన్న అసలు నువ్వుల నూనెనే నాదనుకుని తీసుకుని మలక్‌పేట బయల్దేరాను.

బాల్కనీలో తులసికోట దగ్గర కట్ట వెలిగించారు. ముందు అంటుకోలేదు. కాస్త నెయ్యి వేసి, కర్పూరం పెట్టి వెలిగించారు. ఈసారి అంటుకుంది. నల్లటి పొగ, దాంతోపాటు ఆ వాసన. మా అపార్ట్‌మెంట్లో గుడ్డు మాట నోటెత్తరు, అందులోనూ కార్తీక మాసం. ముందు అందరూ గ్యాస్ లీకనుకుని ఐదు అంతస్తుల్లోనూ రెగ్యులేటర్లు కట్టేశారు. తర్వాత ఎవరో "గ్యాస్ కాదు, గుడ్డు" అన్నారు. అంతా కలిసి రెండో అంతస్తు బ్యాచిలర్ల తలుపు కొట్టారు. పాపం వాళ్ళు ఆ నెల గుడ్డు ముట్టుకోలేదట. వాచ్‌మన్ తడి గోనెపట్టాతో మా బాల్కనీలోకి వచ్చేదాకా అసలు సంగతి తేలలేదు. మా అత్తగారు మాత్రం ఆ పొగలోనే కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం మధ్యలో ఉన్నారట. ఆవిడకి ఏ వాసనా రాలేదు.

గేర్‌బాక్సు ఖాళీ. ఉన్నది ఒక్క లీటరు. పండగరోజు పుత్లీబౌలి మూసేశారు. కారు అక్కడే వదిలి ఆటోలో ఇంటికొచ్చాను.

అత్తగారు సోఫాలో ఆవిరి పట్టుకుంటున్నారు. కాళ్ళ మీద పడదామా, అటునుంచటే బ్యాచిలర్ల గదికి పోదామా అని గుమ్మంలోనే ఆలోచిస్తున్నాను. దుప్పటి ఎత్తి చూశారు.

"ఆ నూనె ఎంత బాబూ?"

చెప్పాను. లీటరు 1,900.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"పోన్లెండి" అన్నారు అత్తగారు, మళ్ళీ దుప్పటి కప్పుకుంటూ. "గానుగ నూనె నాలుగొందలే. భగవంతుడికేం తక్కువ చెయ్యలేదు."

మర్నాడు పొద్దున్నే మెకానిక్ ఫోన్ చేశాడు. కారు సంగతేమో అనుకుని కంగారుగా ఎత్తాను.

"అన్నా, ఆ నువ్వుల నూనె ఈడనే మర్శిపోయినవ్. మా అమ్మ చింతకాయ తొక్కు పెడుతుంది. వాడుకుందుమా?"